ఉప్పునీటి గాలం రీళ్ల ఎంపికలో మన మత్స్యకారులకు అండ కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో ఒడిశా సరిహద్దు దగ్గరి డొంకూరు మొదలుకొని రణస్థలం మండలం దాకా, ఆ దిగువన విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ, భోగాపురం మండలాల దాకా ఉన్న మత్స్యకార గ్రామాల్లో గాలం వేట తాతల నాటి నుంచీ ఉన్నదే. వంజరం, కొమ్ముకోనాం, ట్యూనా జాతికి చెందిన సూరలు, పారలు వంటి బలమైన చేపలను చేతి గాలంతో పట్టే విద్యను మనవాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పవలసిన పని లేదు. అయితే నైలాన్ దారాన్ని చెక్కకో ప్లాస్టిక్ చట్రానికో చుట్టి, పడిన చేపను అరచేతులు కోసుకుపోతున్నా పట్టుకొని లాగే ఆ పద్ధతి పక్కన ఇప్పుడు గాలపు కర్రకు బిగించి, పిడి తిప్పుతూ దారాన్ని చుట్టుకునే రీలు వచ్చి చేరింది. ఫైబర్ తెప్పల మీద వెళ్లే యువకులు, కళింగపట్నం దగ్గర వంశధార, కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలిసే చోట ఒడ్డున నిలబడి గాలం విసిరేవారు వీటిని ఉత్సాహంగా కొంటున్నారు. ఆ ఉత్సాహం మంచిదే. కానీ కొన్నవాటిలో చాలా భాగం ఒక్క వేట కాలం గడవకుండానే బిగుసుకుపోయి మూలన పడుతున్నాయి. ఏం చూసి కొంటే ఆ నష్టం తప్పుతుందో, ప్రభుత్వ శాఖలు ఈ విషయంలో ఏం చేయగలవో మీ పత్రిక పాఠకుల ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఐటీఐలో ఫిట్టర్ విభాగంలో బోధకుడిగా పనిచేసి విరమించినవాడిని. గార మండలంలోని మా ఇంటికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పాడైన రీళ్లు తెస్తుంటారు. ఈ మధ్య వచ్చిన ఒక రీలు సంగతి చెబుతాను, ఎందుకంటే మిగిలినవాటి కథ కూడా ఇంచుమించు అదే. అట్టపెట్టె మీద పదమూడు బేరింగులని, ఇరవై కిలోల డ్రాగ్ (చేప లాగినప్పుడు దారాన్ని పట్టి ఉంచే బిగింపు) అని పెద్ద అక్షరాలతో ఉంది. పిడి తిప్పితే లోపల ఇసుక నలిగినట్టు చప్పుడు వచ్చింది. పక్క మూత తీద్దామంటే మూడు మరలలో రెండు కదలలేదు. నూనె పోసి రాత్రంతా ఉంచి, మర్నాడు కొంచెం వేడి చూపిస్తే ఒకటి వచ్చింది, రెండోదాని తల విరిగిపోయింది. ఉక్కు మర చుట్టూ అల్యూమినియం తెల్లటి పొడిగా మారి ఉంది. లోపలి పెద్ద పళ్లచక్రం జింకుతో పోత పోసినది కావడంతో పళ్ల అంచులు అరిగి వంకర తిరిగాయి. డ్రాగ్ బిళ్లల మధ్య ఉన్న ఫెల్టు (ఒత్తిన మెత్తటి గుడ్డ) తడిసి, గోధుమ రంగు నీళ్లు కారింది. పదమూడు బేరింగుల్లో చేతితో తిరిగినవి నాలుగైదు మాత్రమే. దాని యజమాని పాతికేళ్లు నిండని కుర్రవాడు, తన వాటా డబ్బులు కూడబెట్టి కొనుక్కున్నాడు. దాన్ని బాగుచేయడానికి విడిభాగాలు ఎక్కడా దొరకవని అతనికి చెప్పడం నాకు చాలా కష్టమనిపించింది.

ఇది ఆ అబ్బాయి వాడకంలో లోపం కాదు. ఆ వస్తువును సముద్రం కోసం తయారు చేయలేదు. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో తడిసి ఒకదానికొకటి ఆనుకొని ఉంటే వాటి మధ్య విద్యుత్ రసాయన చర్య మొదలవుతుంది, ఆ జంటలో బలహీనమైన లోహం కరుగుతుంది. స్టెయిన్‌లెస్ మర, రీలు బయటి చట్రమైన అల్యూమినియం ఒళ్లు కలిసిన చోట కరిగేది అల్యూమినియమే. మంచి తయారీదారులు అల్యూమినియానికి అనోడైజింగ్ చేసి (పైన గట్టి రక్షణ పొర ఏర్పరచి), రంగు పొరలు వేసి, మరల దగ్గర గ్రీజు పెట్టి ఈ చర్యను ఏళ్ల తరబడి ఆపుతారు. చౌక రీళ్లలో రంగు మాత్రమే ఉంటుంది, అది గీసుకుపోయిన చోటునుంచి తినడం మొదలవుతుంది. చెరువుల్లో, రిజర్వాయర్లలో ఇవే రీళ్లు కొంతకాలం నిక్షేపంగా పనిచేయవచ్చు. అందుకే మైదాన ప్రాంతాల వారి మెచ్చుకోలు విని మన తీరం వారు కొనుగోలు నిర్ణయం తీసుకోరాదు. నదీ ముఖాల్లోని ఉప్పు కలిసిన నీరు కూడా రీలుకు ఉప్పునీటితో సమానమేనని గుర్తుంచుకోవాలి.

బేరింగుల సంఖ్య చూసి రీలును కొనడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. బేరింగు అనేది తిరిగే భాగాలను నున్నగా తిరగనిస్తుందే తప్ప రీలుకు బలాన్ని ఇవ్వదు. సరిగా మూసి ఉన్న స్టెయిన్‌లెస్ బేరింగులు నాలుగైదు ఉంటే చాలు. నాసిరకం బేరింగులు పన్నెండు ఉన్నాయంటే, తుప్పు పట్టడానికి పన్నెండు చోట్లు ఉన్నాయని అర్థం. బలం ఎక్కడి నుంచి వస్తుందంటే, ఒళ్లు వంగకుండా నిలబడటం నుంచి, పళ్లచక్రం ఏ లోహంతో చేశారన్నదాని నుంచి వస్తుంది. గ్రాఫైట్ కలిపిన ప్లాస్టిక్ ఒళ్లకు తుప్పు రాదు, అది దాని సుగుణం. కానీ ఎరను విసిరి పట్టే వేటకు వాడే స్పిన్నింగ్ రీలులో పెద్ద చేప లాగినప్పుడు ఆ ఒళ్లు కొద్దిగా వంగుతుంది, వంగితే పళ్లు సరిగా కలవవు, కలవకపోతే అరుగుతాయి. కాబట్టి ఒడ్డు నుంచి చిన్న చేపలకు తప్ప, పారలకు, వంజరాలకు వాడే స్పిన్నింగ్ రీలు ఒళ్లు లోహంతో చేసినదై ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక డ్రాగ్ విషయానికి కొంచెం ఎక్కువ చోటు కావాలి, ఎందుకంటే చేప దక్కేదీ తప్పేదీ ఇక్కడే. మోటారు సైకిల్ క్లచ్ పళ్లాల మాదిరిగా, రీలులో ఒకదానిపై ఒకటి పేర్చిన బిళ్లలు స్పూలును, అంటే దారం చుట్టి ఉండే కండెను, నొక్కి పట్టుకుంటాయి; చేప లాగే బలం మనం పెట్టిన పట్టును మించినప్పుడు బిళ్లలు జారి దారం వదులుతాయి, దారం తెగదు. ఆ జారడం మొదటి క్షణం నుంచి చివరి దాకా ఒకే తీరుగా, కుదుపు లేకుండా సాగాలి. కార్బన్ ఫైబర్ బిళ్లలు వేడిని తట్టుకొని అలా జారతాయి. తడిసిన ఫెల్టు బిళ్లలు ఒకసారి పట్టేసి, మరోసారి వదిలేస్తాయి. పట్టేసిన ఆ క్షణంలోనే దారం తెగుతుంది, లేదా గాలపు ముల్లు చేప దవడ చీల్చుకొని ఊడివస్తుంది.

ఎంత పట్టు పెట్టాలన్నదానికి లెక్క ఉంది. దారం తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పెట్టుకోవాలి. ముప్పై పౌండ్ల దారం అంటే సుమారు 13.5 కిలోలు, దానికి 3.5 నుంచి 4.5 కిలోల పట్టు చాలు. యాభై పౌండ్ల దారం సుమారు 22.5 కిలోలు, దానికి 5.5 నుంచి 7.5 కిలోలు. చేపలు తూచే స్ప్రింగ్ కాటాకు దారం కొస కట్టి, రాడ్డును (గాలపు కర్రను) చేప మీద ఎంత వంచుతామో అంత వంచి లాగి చూస్తే అసలు పట్టు ఎంతో కాటా ముల్లే చెబుతుంది. ఇప్పుడు అట్టపెట్టె మీది ఇరవై కిలోల మాటను ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. ఆ పట్టును నిజంగా పెడితే ముప్పై పౌండ్ల దారం ముందే తెగుతుంది. దారం తెగకపోతే ఊగే తెప్ప మీద నిలబడి అంత బలాన్ని ఆపుతూ ఉండటం మనిషికి ప్రమాదం. మనకు కావలసినది నాలుగైదు కిలోల దగ్గర గంటసేపు నున్నగా జారే డ్రాగ్. ఆ గుణం గురించి పెట్టె మీద ఏమీ రాయరు, చేతితో లాగి తెలుసుకోవలసిందే.

దీనితోపాటు మరో సంగతి కూడా అందరికీ తెలియాలి. చేప దారం లాక్కుపోయేకొద్దీ స్పూలు మీది చుట్ట సన్నబడుతుంది. చుట్ట వ్యాసం సగానికి తగ్గితే, మనం ఏమీ ముట్టుకోకపోయినా దారం మీద పడే పట్టు రెండింతలవుతుంది. పెద్ద సూర వందల మీటర్లు లాక్కుపోయిన తరువాత దారం ఫట్‌మని తెగిపోయిందని వినే కథల్లో చాలావాటికి ఇదే కారణం. చేప దూరం వెళ్లినప్పుడు పట్టు బిగించడం కాదు, కొంచెం సడలించాలి. అలాగే మొదటి నుంచీ స్పూలును అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోపు దాకా నిండుగా చుట్టుకోవాలి.

పడవ నడుస్తుండగా వెనుక ఎరను ఈడ్చుకుంటూ పట్టే ట్రోలింగ్ వేటకూ, నిలబడి ఎరను విసిరి చుట్టుకుంటూ పట్టే స్పిన్నింగ్ వేటకూ ఒకే రీలు సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. డబ్బు ఒక్కదానికే ఉంటే అర్థం చేసుకోగలను, కానీ పని రెండు రకాలది. స్పిన్నింగ్ రీలులో స్పూలు కదలదు. రోటర్ అనే భాగం దాని చుట్టూ తిరుగుతూ దారాన్ని పేరుస్తుంది. దారం, దాన్ని స్పూలు మీదికి మళ్లించే బెయిల్ తీగ కొసనున్న చిన్న రోలరు మీద నిలువుగా మలుపు తిరిగి లోపలికి వెళుతుంది, భారమంతా ఆ మలుపు మీద పడుతుంది. పైగా డ్రాగ్ జారుతుండగా కంగారులో పిడి తిప్పితే, పిడి ఒక్క చుట్టుకు రోటర్ 4.9 చుట్లు తిరిగే రీలులో ఒక్కో తిప్పుకు దాదాపు ఐదు మెలికలు దారంలో పడతాయి. గంటల తరబడి ఎర ఈడ్చే పనికి ఈ నిర్మాణం అనువైనది కాదు. ట్రోలింగ్ రీలులో స్పూలే తిరుగుతుంది, దారం సూటిగా వస్తుంది, మలుపు లేదు, మెలిక లేదు, భాగాలు తక్కువ, ఉన్నవి పెద్దవి. అయితే దానితో ఎరను దూరం విసరాలంటే బొటనవేలితో స్పూలును అదుపు చేయడం నేర్చుకోవాలి, లేకపోతే దారం గూడు కట్టుకుపోతుంది.

ట్రోలింగ్ రీళ్లను అవి మోసే దారం తరగతిని బట్టి, పౌండ్లలో, ఇరవై, ముప్పై, యాభై, ఎనభై అని పిలుస్తారు. మన వంజరాలకు, చిన్న సూరలకు ఇరవై లేదా ముప్పై తరగతి సరిపోతుంది. పెద్ద రెక్క సూరలకు, కొమ్ముకోనాలకు వెళ్లేవారికి ముప్పై నుంచి యాభై కావాలి. ఎనభై తరగతి రీలు బరువూ ధరా చూస్తే మన తెప్పలకు ఎందుకూ పనికిరాదని నా అభిప్రాయం. డ్రాగ్‌ను నక్షత్రం ఆకారపు చక్రంతో బిగించేవి, పక్కన మీటతో జరిపేవి అని వీటిలో రెండు రకాలున్నాయి. మీట ఉన్నదానిలో చేప తగిలే వేళకు ఎంత పట్టు ఉండాలో ముందే కాటాతో కొలిచి పెట్టుకోవచ్చు, తరువాత మీటను ఆ గుర్తు దగ్గరికి తెస్తే చాలు. అలల్లో, చీకట్లో, ఒంటిచేత్తో పని జరుగుతుంది. నక్షత్ర చక్రం రకం చౌక, విప్పి తుడిచి మళ్లీ కూర్చడం తేలిక. దారాన్ని అటూ ఇటూ సమంగా పేర్చే లెవెల్‌వైండ్ మర ఉన్న రీళ్లను మాత్రం సముద్రానికి కొనవద్దని చెబుతాను. ఆ మర బయటికి తెరిచి ఉంటుంది, ఉప్పు దానిలోనే ముందు పేరుకుంటుంది, అది ఆగిన రోజున మొత్తం రీలు ఆగుతుంది. దారాన్ని బొటనవేలితో పేర్చడం మనవాళ్లకు ఒక పూటలో అబ్బే పని.

పేర్లు చెప్పకుండా సలహా ఇస్తే పాఠకులకు ఉపయోగం ఉండదు. అమెరికాలో 1932లో మొదలైన పెన్ సంస్థ 1936 నుంచి చేస్తున్న సెనేటర్ రీలు నక్షత్ర చక్రం రకంలో మోటైనదే కానీ ఎవరైనా విప్పి బాగుచేసుకోగలిగినది. జపాన్ సంస్థ షిమానో వారి టీఎల్‌డీ మీట రకంలో దశాబ్దాలుగా నిలిచి ఉంది. దాని చట్రం గ్రాఫైటే అయినా స్పూలు అల్యూమినియం, మధ్య తరగతి చేపలకు అది బాగా ఆగుతుంది. ఇందాక గ్రాఫైట్ వద్దన్నది స్పిన్నింగ్ రీళ్ల గురించి. ఇక్కడ దారం సూటిగా వస్తుంది కనుక వంపు సమస్య అంతగా ఉండదు. పెన్ స్క్వాల్ కూడా ఇదే వరుసలోది.

స్పిన్నింగ్ రీళ్లలో ఒడ్డున పండుగప్పకు, పారకు 4000 నుంచి 6000 సైజు (ఈ నంబరు పెరిగేకొద్దీ రీలు పెద్దది), తెప్ప మీద వంజరానికి 6000 నుంచి 8000 సైజు చూసుకోవాలి. లోహపు ఒళ్లు, కార్బన్ బిళ్లలు రెండూ ఉండి ధర మరీ మీరిపోని రీళ్లలో పెన్ బాటిల్, డైవా బీజీ నాకు నచ్చినవి. వీటికి నీరు చొరకుండా పూర్తి సీళ్లు ఉండవు, కనుక శుభ్రత మన బాధ్యత. అలల్లో నడుము లోతు దిగి విసిరేవారు కొంచెం ఎక్కువ పెట్టగలిగితే ఐపీఎక్స్5 గుర్తున్న పెన్ స్పిన్‌ఫిషర్ వంటిది తీసుకోవచ్చు. ఆ గుర్తుకు అర్థం నలువైపుల నుంచి చిమ్మే నీటిధారను తట్టుకుంటుందని. నీళ్లలో ముంచినా ఏమీ కాదని కాదు. వీటికంటే మూడు నాలుగు రెట్ల ధర పలికే రీళ్లు ఉన్నాయి, అవి నిజంగా గొప్పవే, కానీ చేప అమ్మి ఇల్లు నడిపే మనిషికి వాటి అవసరం లేదు. రెండు మూడు వేల రీలును ఏటా మార్చేవారు ఆ మొత్తాన్ని మూడేళ్లకు లెక్క వేసుకుంటే మంచి రీలు ఒకటి ఆ డబ్బులోనే వచ్చి ఉండేదని వారికే తెలుస్తుంది.

దుకాణంలో రీలు చేతికి తీసుకున్నప్పుడు తయారీదారు పేరు కంటే ముందు దారం నడిచే ఆ చిన్న రోలరును వేలితో తిప్పండి. స్పిన్నింగ్ రీలులో ఉప్పుకు మొదట లొంగేది అదే. అది తిరగకుండా బిగుసుకుంటే దారం ఒరుసుకొని తెగుతుంది. కొత్తదానిలోనే అది గట్టిగా తిరుగుతుంటే ఆ రీలును పక్కన పెట్టేయండి. తరువాత పిడిని ముందుకు తిప్పి ఒక్కసారిగా ఆపి వెనక్కి నొక్కండి, కొంచెం కూడా వెనక్కి కదలకూడదు. డ్రాగ్‌ను తక్కువలో పెట్టి దారాన్ని చేతితో నెమ్మదిగా లాగుతూ, కదలిక మొదలయ్యేటప్పుడు కుదుపు ఉందేమో గమనించండి. పిడిని, స్పూలును పట్టుకొని ఒళ్లును మెల్లగా మెలిపెడితే వంగుతున్నదీ లేనిదీ చేతికే తెలుస్తుంది. పెట్టెలో భాగాల బొమ్మ, ఒక్కో భాగానికి నంబరు ఉన్న కాగితం ఉందేమో అడగండి. ఆ కాగితం ఉంటే విడిభాగం తెప్పించుకునే దారి ఉన్నట్టే. లేకపోతే ఒక్క స్ప్రింగ్ విరిగినా రీలు మొత్తం పోయినట్టే.

ఆన్‌లైన్‌లో కొనేవారికి ఈ పరీక్షలు చేసే వీలు లేదు. అయినా దిగుమతి చేసుకున్న ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, గరిష్ఠ చిల్లర ధర ముద్రించాలని తూనికలు కొలతల చట్టం కింద 2011లో వచ్చిన ప్యాకేజీ వస్తువుల నిబంధనలు చెబుతున్నాయి. ఆ వివరాలు లేని పెట్టె వస్తే తీసుకోకుండా తిప్పి పంపాలి. పేరున్న సంస్థల అక్షరాలను కాస్త మార్చి అచ్చు వేసిన నకిలీలు కూడా ఇలాంటి పెట్టెల్లోనే వస్తున్నాయి. మోసపోయినవారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. గాలం సామగ్రిపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు బిల్లులో కనబడుతోందో లేదో చూసుకోవడం, బిల్లు లేకుండా కొనకపోవడం మన చేతిలోని పని.

దారం గురించి క్లుప్తంగా చెబుతాను. ట్రోలింగ్‌కు సాగే గుణమున్న నైలాన్ ఏకపోగు దారమే మంచిది, చేప కొట్టిన దెబ్బను అది కొంత మింగుతుంది. విసిరే వేటకు సన్నని అల్లిక దారం మేలు, అదే స్పూలులో ఎక్కువ పొడవు పడుతుంది. కానీ అల్లిక దారాన్ని నేరుగా నున్నటి స్పూలుకు చుడితే అంతా కలిసి జారిపోతుంది, పట్టు ఎంత బిగించినా నిలవదు. అడుగున కొన్ని మీటర్లు నైలాన్ చుట్టి దానికి ముడివేయాలి. వంజరం పళ్లకు ఏ దారమూ ఆగదు కనుక ముల్లు దగ్గర ఉక్కు తీగ తప్పదన్నది మనవాళ్లకు తెలిసినదే. తెప్ప మీద రాడ్డు నిలిపే గొట్టాన్ని ఫైబర్ గుండా అవతలి వైపు దాకా బోల్టులు వేసి బిగించుకోవాలి, ట్రోలింగ్ రీలు పైనున్న కొక్కేలకు ఒక తాడు కట్టి తెప్పకు ముడివేయాలి. సూర కొట్టిన ఊపుకు రాడ్డు, రీలు రెండూ సముద్రంలోకి పోయిన సందర్భాలు మన తీరంలో ఉన్నాయి.

ఎంత మంచి రీలైనా ఒడ్డుకు వచ్చాక పావుగంట సేవ అడుగుతుంది. పంపు గొట్టంతో జోరుగా కొట్టడం, బకెట్‌లో ముంచడం రెండూ తప్పు పద్ధతులే, రెండూ ఉప్పును లోపలికి నెడతాయి. డ్రాగ్‌ను బిగించి, మంచినీళ్లను చేతితో సన్నగా చిలకరించి, మెత్తటి గుడ్డతో తుడిచి, నీడలో ఆరనిచ్చి, ఆ తరువాత డ్రాగ్‌ను పూర్తిగా సడలించి ఉంచాలి. బిగించి వదిలేస్తే బిళ్లలు అణిగి, మళ్లీ వేటకు వెళ్లేనాటికి కుదుపు వస్తుంది. రోలరుకు, పిడి మొదట్లో పలుచని రీలు నూనె ఒక్క చుక్క చాలు. పళ్లచక్రాలకు పడవ ఇంజన్ల దుకాణాల్లో దొరికే నీటికి కరగని మెరైన్ గ్రీజు పెట్టాలి. వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ క్లచ్‌కు మాత్రం గ్రీజు తగలకూడదు, తగిలితే అది జారి పిడి వెనక్కి కొడుతుంది. మన ఇళ్లలో అన్నిటికీ కొబ్బరి నూనె వేసే అలవాటు ఉంది. అది 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది, మన డిసెంబరు తెల్లవారుజాములకు ఆ చలి చాలు. పైగా పాతబడి జిగురవుతుంది. దయచేసి రీలులో వేయవద్దు. రీలును ఇసుక మీద పెట్టవద్దని మళ్లీ మళ్లీ చెబుతూ ఉంటాను. ఉప్పు తినడానికి నెలలు పడుతుంది, ఇసుకకు ఒక సాయంత్రం చాలు.

ఇదంతా ఒక్కొక్కరికి చెప్పి మార్చగలిగే పని కాదు. విశాఖపట్నంలో కేంద్ర ప్రభుత్వ మత్స్య సాంకేతిక సంస్థ కేంద్రం ఉంది, మత్స్య నౌకా శిక్షణ సంస్థ శాఖ ఉంది, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా స్థావరం ఉంది. మార్కెట్లో మధ్య ధరల్లో దొరుకుతున్న రీళ్లను వీరిలో ఎవరైనా మన సముద్రంలోనే ఒక వేట కాలం పాటు వాడి చూసి, విప్పి పరిశీలించి, ఫలితాలను తెలుగులో రెండు పేజీల కరపత్రంగా వేస్తే వేల రూపాయల నష్టం తప్పుతుంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం దాకా సాయం నిర్ణయించారు. గాలం వేటకు ఇచ్చే సామగ్రిలో రీళ్లను చేర్చాలని, చేర్చినప్పుడు అతి తక్కువ ధర కోట్ చేసినవారికి కాంట్రాక్టు ఇచ్చేయకుండా స్పిన్నింగ్ రీళ్లకు లోహపు ఒళ్లు, అన్నిటికీ కార్బన్ డ్రాగ్, విడిభాగాల లభ్యత అనే కనీస ప్రమాణాలను టెండరులోనే రాయాలని రెండు జిల్లాల మత్స్యశాఖ అధికారులను కోరుతున్నాను. నాసిరకం రీళ్లు రాయితీ మీద పంచితే మన యువకులు రీలు మీదే నమ్మకం పోగొట్టుకుంటారు. వలలో నలిగిన చేపకంటే గాలంతో పట్టి వెంటనే మంచులో పెట్టిన వంజరానికి, సూరకు మంచి ధర పలుకుతుందని వేలం పాటలు చూసే ప్రతివారికీ తెలుసు. ఆ ధర మనవాళ్ల చేతికి రావాలంటే పరికరం నమ్మకంగా పనిచేయాలి.

మరమ్మతు విషయం అంతకంటే ముఖ్యమైనది. రీలు విప్పడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. నాలుగు స్క్రూడ్రైవర్లు, ఒక చిన్న పట్టకారు, బ్రష్, గ్రీజు, భాగాలు విప్పిన వరుసలోనే పరిచే తెల్లగుడ్డ ఉంటే సరిపోతుంది. మన ఐటీఐల్లో చదివే మత్స్యకార కుటుంబాల పిల్లలకు వారం రోజుల పాఠంగా దీన్ని నేర్పవచ్చు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఇంజను పడవల వేటపై నిషేధం ఉంటుంది. ఆ 61 రోజుల్లో తెప్పలు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటారు, రీళ్లు మాత్రం చూరులో ఉప్పుతోనే వేలాడుతుంటాయి. బారువ, భావనపాడు, కళింగపట్నం, బుడగట్లపాలెం, కోనాడ, ముక్కాం వంటి చోట్ల మత్స్యశాఖ ఆ రెండు నెలల్లో రీళ్లు విప్పి శుభ్రం చేసే శిబిరాలు పెడితే, నా వంటి విరమించిన పనివారం ఉచితంగా వచ్చి నేర్పడానికి సిద్ధంగా ఉన్నాం. వచ్చే ఏప్రిల్‌కు ముందే ఈ శిబిరాల తేదీలను, చోట్లను ప్రకటించవలసిందిగా మీ పత్రిక ద్వారా జిల్లా అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఫిట్టర్ బోధకుడు,
గార మండలం, శ్రీకాకుళం జిల్లా